సైనిక లాంఛనాలతో అంత్యక్రియలంటే ఏం జరుగుతుంది?

2020 జూన్ 15 రాత్రి చైనా సరిహద్దులోని గల్వాన్ లోయలో 20 మంది భారత సైనికులు చనిపోయారు. వాళ్లలో అందరికంటే పెద్ద హోదా ఉన్నది సూర్యాపేట బిడ్డ కల్నల్ బిక్కుమళ్ల సంతోష్ బాబుది. మూడో రోజున, జూన్ 18న, సూర్యాపేట పక్కన కేసారంలో కుటుంబానికి ఉన్న పొలంలో అంత్యక్రియలు జరిగాయి. తండ్రే చితికి నిప్పు పెట్టాడు. ఆ దృశ్యాలు టీవీలో చూసి తెలుగునాడంతా ఏడ్చింది. అయితే అక్కడ జరిగిన పనుల్లో ఏది ఎందుకు చేస్తారో చాలామందికి తెలియదు. హోసూరు, కృష్ణగిరి వైపు తెలుగు ఇళ్ల నుంచి కూడా పిల్లలు ఆర్మీకి వెళుతున్నారు కాబట్టి, కాస్త ఓపిగ్గా చెప్పుకుందాం.

ముందు ఆ మనిషి గురించి. ఆరో తరగతిలోనే ఇల్లు వదిలి విజయనగరం దగ్గరి కోరుకొండ సైనిక్ స్కూల్లో చేరాడు. 1962లో మొదలైన బడి అది. అక్కడి నుంచి ఖడక్వాస్లాలోని నేషనల్ డిఫెన్స్ అకాడమీకి, తర్వాత అధికారి శిక్షణకు డెహ్రాడూన్‌కు వెళ్లాడు. 2004 డిసెంబరులో 16 బిహార్ బెటాలియన్‌లో అధికారి అయ్యాడు. తెలుగువాడికి బిహార్ రెజిమెంట్ ఏమిటని అడుగుతుంటారు. జవాన్లను చాలా రెజిమెంట్లలో ప్రాంతాన్ని బట్టి తీసుకుంటారు. అధికారికి ఆ లెక్క లేదు, ఏ రెజిమెంట్‌కైనా వెళతాడు. వెళ్లాక జవాన్ల మాట, వాళ్ల పండగలు, వాళ్ల దేవుళ్లు అతనివే అవుతాయి. 37 ఏళ్లకే సంతోష్ బాబు ఆ బెటాలియన్‌కు కమాండింగ్ ఆఫీసర్. చైనావాళ్లు ఒప్పుకున్నట్టు వెనక్కి తగ్గారో లేదో చూడటానికి కిందివాళ్లను పంపి ఊరుకోలేదు, తానే వెళ్లాడు. అక్కడ తూటా పేలలేదు. ఆ సరిహద్దులో తుపాకులు వాడకూడదని రెండు దేశాల మధ్య ఒప్పందాలున్నాయి. రాళ్లతో, ఇనుప రాడ్లతో జరిగిన కొట్లాటలోనే అంతమంది పోయారు.

చనిపోయిన సైనికుడు ఇంటికి రావడమనేది మనం అనుకున్నంత పాత ఆనవాయితీ కాదు. 1962, 1965, 1971 యుద్ధాల్లో పోయినవాళ్లలో చాలామందికి సరిహద్దు దగ్గరే అంత్యక్రియలు చేసేశారు. ఇంటికి చేరింది కబురు, కొన్ని వస్తువులు. 1999 కార్గిల్ యుద్ధంతో అది మారింది. పెట్టెలు విమానాల్లో సొంత రాష్ట్రాలకు వచ్చాయి, ఊరు ఊరంతా కదిలింది. సంతోష్ బాబును హకీంపేట వైమానిక స్థావరానికి తెచ్చి, అక్కడి నుంచి రోడ్డు మీద సూర్యాపేట చేర్చారు. మన హోసూరు వైపైతే విమానం దిగడానికి బెంగళూరు దగ్గర. 2021 డిసెంబరులో కూనూరు హెలికాప్టర్ ప్రమాదంలో జనరల్ బిపిన్ రావత్‌తో పాటు పోయిన చిత్తూరు జిల్లా కుర్రాడు లాన్స్ నాయక్ సాయితేజను బెంగళూరు మీదుగానే ఊరికి చేర్చారు. డీఎన్ఏ పరీక్షతో గుర్తుపట్టాల్సి రావడం వల్ల ఆ ఇంటివాళ్లు రోజుల తరబడి ఎదురుచూశారు. పెట్టె తెరిచి మొహం చూపించమని తల్లి అడిగితే సైన్యం వెనకాడే సందర్భాలు ఇలాంటివే.

ఇక అసలు లాంఛనాలు. పెట్టె మీద జాతీయ జెండాను కాషాయం తల వైపు ఉండేలా పరుస్తారు. ఫ్లాగ్ కోడ్‌లో ఆ మాట రాసి ఉంది. పూలదండలు పెట్టాక 'శోక్ శస్త్ర్' అనే ఆదేశం వినిపిస్తుంది. వరుసలో నిలబడ్డ జవాన్లు రైఫిళ్లను తలకిందులు చేసి, గొట్టం నేల వైపు పెట్టి, తలలు వంచుతారు. శత్రువు వైపు ఎత్తాల్సిన ఆయుధాన్ని దించడమే సైనికుడు చూపగల శోకం. తర్వాత గాలిలోకి మూడుసార్లు కాల్పులు. అవి ఉత్త తూటాలు. దీన్ని టీవీలవాళ్లు '21 తుపాకుల వందనం' అంటుంటారు, అది సరికాదు. ఆ వందనం ఫిరంగులతో చేసేది, దాని లెక్కలు వేరు. మూడుసార్లు కాల్చడం పాత యుద్ధాల నుంచి వచ్చిందంటారు. శవాలను తీసుకెళ్లడానికి పోరు ఆపి, ఆ పని అయ్యాక ఈ గుర్తు ఇచ్చేవారట. ఆ తర్వాత బ్యూగిల్ మీద 'లాస్ట్ పోస్ట్' వాయిస్తారు. బ్యారక్‌లలో రోజు ముగిసిందని చెప్పే పిలుపు అది.

అప్పుడు జరిగే ఒక పని మీద నేను ప్రత్యేకంగా దృష్టి పెట్టమంటాను. జెండాను తీసి, మడిచి, ఇంటివాళ్ల చేతుల్లో పెడతారు. దాన్ని గోతిలోకి దించకూడదు, చితిలో కాల్చకూడదు. అంటే సైన్యం గోతి అంచుదాకా, చితి దాకా వచ్చి అక్కడ ఆగుతుంది. ఆ తర్వాతిదంతా ఇంటి ఆచారమే.

అందుకే ఖననమా దహనమా అన్నది సైన్యం నిర్ణయించదు. 1948 జూలైలో కశ్మీర్‌లోని ఝంగర్‌లో 35 ఏళ్లకే నేలకొరిగిన బ్రిగేడియర్ మహమ్మద్ ఉస్మాన్‌ను ఢిల్లీలో జామియా మిలియా దగ్గర ఖననం చేశారు. ఫీల్డ్ మార్షల్ మానెక్‌షా 2008లో ఊటీ పార్సీ శ్మశానంలో మట్టిలో కలిశారు. నాగాలాండ్‌లోని కోహిమా యుద్ధ శ్మశానంలో సమాధుల వరుసలకు పైన మరో స్మారకం ఉంది. దహనం చేసిన 917 మంది హిందూ, సిక్కు సైనికుల పేర్లు దాని మీద చెక్కారు. హోసూరు చుట్టుపక్కల లింగాయతులు, క్రైస్తవులు, ముస్లింలు ఖననం చేస్తారు, మిగతావాళ్లలోనూ ఇంటికో పద్ధతి. ఎవరి ఇంట్లో జరిగినా తుపాకీ వంగడంలో, బ్యూగిల్ మోగడంలో తేడా ఉండదు.

ఊరేగింపుల గురించి ఒక మాట చెప్పాలి. జనం ప్రేమతోనే వస్తారు. కానీ జీపులు, మైకులు, ఫ్లెక్సీలు, పుష్పగుచ్ఛం పట్టుకుని ఫొటో కోసం ఆగే నాయకులు పెరిగేకొద్దీ భార్యకు, తల్లికి పెట్టె పక్కన కూర్చునే నాలుగు నిమిషాలు కూడా మిగలడం లేదు. ఎంతసేపు ఊరేగించాలో, ఎవరు మాట్లాడాలో ముందు ఇంటివాళ్లను అడగాలి.

తర్వాత కాగితాలు వస్తాయి. శత్రువుతో పోరులో మరణిస్తే సైన్యం దాన్ని 'బ్యాటిల్ క్యాజువాల్టీ'గా నమోదు చేస్తుంది. ఆ నమోదును బట్టే సరళీకృత కుటుంబ పింఛను వస్తుంది, అంటే లెక్కలోకి వచ్చే చివరి జీతమంత. ప్రమాదంలోనో జబ్బుతోనో పోతే లెక్క మారుతుంది. దుఃఖం రెండిళ్లలోనూ ఒకటే అయినా కాగితం మీద తేడా ఉంది. పెళ్లయినవాడైతే పింఛను ముందుగా భార్యకు వెళుతుంది. బీమా సొమ్ము మాత్రం సైనికుడు నింపిన నామినేషన్ ప్రకారం పంచుతారు. పెళ్లికి ముందు నింపిన కాగితం అలాగే ఉండిపోతే భార్య, పెళ్లయ్యాక తల్లిదండ్రుల వాటా రాయడం మరిచిపోతే వాళ్లు ఇబ్బంది పడతారు. 2021 నవంబరు 23న రాష్ట్రపతి భవన్‌లో సంతోష్ బాబుకు మరణానంతరం ఇచ్చిన మహావీర చక్ర పతకాన్ని భార్య, తల్లి కలిసి అందుకున్నారు. డబ్బు విషయంలో అలాంటి ఏర్పాటు ముందే రాసి పెట్టుకోవాల్సింది సైనికుడే. సెలవుకు ఇంటికొచ్చిన కొడుకుతో ఈ మాట ఎత్తడానికి ఏ తల్లికీ నోరు రాదు కాబట్టి, నామినేషన్ కాగితం ఒకసారి చూసుకోమని అతనికి గుర్తుచేసే పని అన్నదమ్ములో స్నేహితులో తీసుకోవాలి.