వీపు ముందు, చూపు వెనుక!

స్కీలు కట్టుకుని మంచుకొండ మీద జారడమే మనకు వింత. ఇక వీపు ముందుకు పెట్టి, వెనక్కు జారుతూ వచ్చి, మంచుదిబ్బ మీదనుంచి గాలిలోకి ఎగిరేవారిని ఏమనాలి? ఈ విద్యను ‘స్విచ్’ అంటారు. 1998లో సాలమన్ కంపెనీ రెండు కొనలూ పైకి వంచిన స్కీలు తెచ్చాక ఇది బాగా వ్యాపించింది. ఇలాంటి విన్యాసాలుండే ‘స్లోప్‌స్టైల్’ పోటీ 2014లో సోచి ఒలింపిక్స్‌లో చేరింది.

ఎగరడం కన్నా వేగాన్ని అంచనా కట్టడమే కష్టం. వేగం చాలకపోతే వాలు అందక, దానికి ఇవతలి చదును మీద పడతారు. ఎక్కువైతే వాలు దాటి, కింది చదునులో కూలతారు. రెండు విధాలా మోకాళ్లకు ముప్పే. పైగా వెనక్కు జారేవాడి కళ్ల ఎదుట ఉండేది దూరమైపోయే నేల! దిబ్బను భుజం మీదుగా ఓరగా చూడవలసిందే.

మరి ఉపాయం? మొదట ముఖం ముందుకే పెట్టి ఎగిరి, ఎక్కడ బయలుదేరితే సరిగా వాలుతున్నారో గుర్తు పెట్టుకుంటారు. ఎదురుగాలి వీచినా, మెత్తని కొత్తమంచు పడినా వేగం తగ్గుతుంది. అప్పుడు గుర్తు పైకి జరపాలి. రాత్రి గట్టిపడ్డ మంచయితే కిందికి దించాలి. వెనక్కు తిరిగేటప్పుడు స్కీలు మంచును గీకితే పోయే వేగాన్నీ లెక్కలో వేసుకోవాలి.

అనుమానం కలిగితే దిబ్బ ఎక్కకముందే పక్కకు తప్పుకోవాలి. గాలిలో బ్రేకులుండవు మరి!