అమ్మాయిల ఫుట్‌బాల్ లీగు

మన దేశానికి ఈశాన్యమూల మణిపూర్ ఉన్నది. అక్కడ 1980లో బెంబెం దేవి అనే పిల్ల పుట్టింది. ఆమెకు ఫుట్‌బాలంటే ప్రాణం. మగపిల్లలతో కలిసి ఆడేది. పేరేమిటని ఎవరైనా అడిగితే "బోబో" అనో, "ఆమ్‌కో" అనో చెప్పేది. అసలు పేరు చెబితే ఆడపిల్లని తెలిసిపోతుందిగా!

పదిహేనో ఏట, 1995లో, బెంబెం భారత జట్టులో చేరింది. తరవాత జట్టుకు నాయకురాలయింది. ఇరవై ఏళ్లపాటు దేశం తరపున ఆడింది. విచిత్రమేమంటే, అంతకాలమూ మన దేశంలో ఆడవాళ్లకు జాతీయ లీగన్నదే లేదు. మగవాళ్లకు అది 1996లోనే ఏర్పడింది.

లీగంటే ఏమిటి? బడిలో ఆటల పోటీలు జరిగేటప్పుడు ఓడిన జట్టు ఆ రోజే ఇంటిముఖం పడుతుంది. ఆవేళ ఎవరికైనా కాలు బెణికిందో, ఏడాది పడ్డ శ్రమంతా గంగలో కలిసినట్టే. లీగులో అట్లా కాదు. ప్రతి జట్టూ మిగిలిన జట్లన్నిటితోనూ ఆడుతుంది. గెలిస్తే మూడు పాయింట్లు, సమానమైతే ఒకటి, ఓడితే సున్న. చివరకు ఎక్కువ పాయింట్లు ఎవరికి వస్తే వారే విజేతలు. మంచి లీగుల్లో ఏ రెండు జట్లయినా రెండేసిసార్లు తలపడతాయి: ఒకసారి వీళ్ల ఊళ్లో, ఒకసారి వాళ్ల ఊళ్లో. ఎనిమిది జట్లుంటే ఒక్కొక్కటి 14 ఆటలు ఆడాలి. మొత్తం ఎన్ని ఆటలు? ఎనిమిది పధ్నాలుగులు 112 అన్నారో, పొరపాటు పడ్డారన్నమాటే. ఒకే ఆటను రెండు జట్లూ లెక్కలో వేసుకుంటాయి గనక, అందులో సగం, 56.

ఆడవాళ్లకు ఇటువంటి లీగు పెట్టాలనే ఆలోచన చివరకు ఫలించింది. ఇండియన్ విమెన్స్ లీగు తొలి ఆటలు 2016 అక్టోబరులో కటకంలో జరిగాయి. మరుసటి ఏడు జనవరిలో ఢిల్లీలో ఆరు జట్లు చివరి విడత ఆడాయి. వాటిలో ఒకటి హర్యానాలోని అలఖ్‌పురా అనే పల్లెటూరి జట్టు! మహా నగరమైన పూనా జట్టుకు సమానంగా ఒక పల్లె జట్టు నిలిచిందంటే సామాన్యమా? ఫిబ్రవరి 14న మణిపూర్ జట్టు ఈస్టర్న్ స్పోర్టింగ్ యూనియన్ 3-0తో ఒడిశా జట్టును ఓడించి మొదటి కప్పు గెలుచుకున్నది. ఆ మణిపూర్ జట్టును నడిపించినది మన బెంబెం దేవే. అప్పటికి ఆమెకు 36 ఏళ్లు.

పేరుకు లీగే కాని, మొదట్లో అది తీర్థంలాగా ఉండేది. జట్లన్నీ ఒకే ఊరు చేరి, గబగబా ఆటలు ముగించుకుని వెళ్లిపోయేవి. 2020లో బెంగుళూరులో జరిగిన లీగు సుమారు మూడు వారాలే. ఏడాదికి మూడు వారాలు బడి నడిపి, పరీక్షకు పొమ్మంటే మీరేం చేస్తారు? ఆటగత్తెలదీ అదే అవస్థ. ఒంటరిగా ఎంత సాధన చేసినా, ఎదుటివాళ్లు మీదికి వచ్చేటప్పుడు బంతిని ఎవరికి అందించాలో నిజమైన ఆటలోనే పట్టుబడుతుంది. కరోనా వచ్చిన మరుసటి ఏడు ఆ మూడు వారాలు కూడా లేకపోయాయి.

ఇంకొక కథ వినండి. 2020లోనూ, 2022లోనూ కప్పు గెలిచినది కేరళకు చెందిన గోకులం జట్టు. ఆసియా క్లబ్బుల పోటీకని ఆ అమ్మాయిలు 2022 ఆగస్టు 16న ఉజ్బెకిస్తాన్‌లో విమానం దిగారు. సరిగ్గా అప్పుడే, భారత ఫుట్‌బాల్ సమాఖ్య పాలనలో బయటివారి జోక్యం ఉన్నదని ప్రపంచ సమాఖ్య 'ఫిఫా' మన దేశాన్ని నిషేధించింది. పెద్దల తగవులో పిల్లల నోటి ముద్ద నేలపాలయింది! ఆగస్టు 26న నిషేధం తొలగింది. ఏం లాభం? గోకులం అమ్మాయిలు ఆ పోటీలో బంతి తాకనేలేదు. మరుసటి ఏడు వాళ్లే మళ్లీ లీగు గెలిచారు.

2023 చివర మొదలైన లీగు నుంచి పద్ధతి మారింది. జట్లు ఒకరి ఊరికి ఒకరు వెళ్లి ఆడసాగాయి. ఆటలు నెలల తరబడి సాగాయి. ఆ ఏడు ఒడిశా జట్టు గెలిచింది. 2024-25లో ఎనిమిది జట్లు ఆడాయి. ఇందాక మనం వేసిన లెక్క ఆ ఏటిదే.

ఇక మన సంగతి. ఒకప్పుడు హైదరాబాదు ఫుట్‌బాలుకు పుట్టినిల్లు. 1956 ఒలింపిక్సులో నాలుగో స్థానం సంపాదించిన భారత జట్టుకు గురువు హైదరాబాదుకు చెందిన రహీం గారు. ఆ తరవాత ఆ వెలుగు తగ్గిపోయింది. అయితే నిజామాబాదులో 2001లో గుగులోతు సౌమ్య పుట్టింది. జాతీయ లీగు మొదలైనప్పుడు ఆమెకు 15 ఏళ్లు. మైదానం అంచువెంట బంతిని తోసుకుంటూ మెరుపులా పరుగెత్తడంలో ఆమె దిట్ట. ఆ చోటును 'వింగు' అంటారు. 2022లో యూరపు వెళ్లి, క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ జట్టులో చేరింది. 2024-25లో కలకత్తా ఈస్ట్ బెంగాల్ తరపున ఆడింది. ఆ ఏడు దేశంలోకెల్లా ఉత్తమ క్రీడాకారిణి బహుమతి ఆమెకే వచ్చింది.

2025 ఏప్రిల్ 11న పశ్చిమ బెంగాల్‌లోని కల్యాణిలో ఈస్ట్ బెంగాల్‌కూ, అంతకుముందు ఏడు గెలిచిన ఒడిశాకూ ఆట జరిగింది. గెలిస్తే లీగు ఈస్ట్ బెంగాల్‌దే. గంటసేపు గడిచినా ఒక్క గోలూ పడలేదు. 67వ నిమిషంలో బంతి ఒడిశా గోలులో పడింది. కొట్టినది సౌమ్య.