మేము కోతమిషను కొన్న కథ

తెలుగు పాఠాలు చెప్పుకునే నాబోటి వాడికి కోతమిషనుతో పనేమిటని మీరడగవచ్చు. మా శ్రీమతీ అదే అడిగింది. "ఇంట్లో మిక్సీ చెడిపోతే మూడు నెలలు బాగుచేయించలేదు. ఇప్పుడు అంత యంత్రాన్ని బేరమాడడానికి బయలుదేరారా?" అంది.

నిజమే. నేను వెళ్లింది బేరానికి కాదు. రేపల్లె దగ్గర మాకున్న ఏడెకరాలూ చూసుకునేది మా తమ్ముడు. నేను నెలజీతగాణ్ణి గనుక డబ్బులో సగం నా వంతు. సగం ఇచ్చేవాడు ఒకసారి కళ్లతో చూడాలని వాడి పట్టుదల.

అసలు ఈ ఆలోచన పుట్టింది 2023 డిసెంబరులో. ఆ కార్తీకం చివర్లో మా చేను పండి, కంకి బరువుకు తలవంచి ఉంది. కోతకు మనుషులు దొరకలేదు. అద్దె మిషనుకు తమ్ముడు పేరు రాయించాడు. మిషనువాడు రేపన్నాడు, రేపు వస్తే ఎల్లుండన్నాడు. అతణ్ణి మాత్రం ఏమనగలం? ఆకాశం మబ్బుపడితే ఊరి చేలన్నీ ఒక్కరోజే కోతకు వస్తాయి. డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మిషను మా గట్టుకు వచ్చేసరికి వరి నేలమీద చాపలా పడి ఉంది. నీళ్లలో నానిన కంకులకు తెల్లగా మొలకలు వచ్చాయి. నాన్న గట్టుమీద చాలాసేపు నిలబడ్డారు. ఏమీ అనలేదు. ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కుని, అన్నం వద్దని పడుకున్నారు.

వేసవిలో తమ్ముడు ఫోను చేశాడు. "అన్నయ్యా, పాత చైన్ మిషను ఒకటి అమ్మకానికి ఉందిట. చిన్నది. మన చేలల్లో దిగబడదు. వస్తావా?"

మనం కోతమిషను అంటాం గాని, ఆ పేరులో దాని పని మూడో వంతే ఉంది. కోయడం, నూర్చడం, తూర్పారబట్టడం మూడూ కలిపి చేస్తుంది గనుకనే దొరలు దానికి కంబైన్ అని పేరు పెట్టారు. అమెరికాలో మిచిగన్ రాష్ట్రానికి చెందిన హైరమ్ మూర్, జాన్ హాస్కల్ అనేవాళ్లు 1836లోనే దీనికి పేటెంటు పొందారు. దాన్ని లాగడానికి పెద్ద గుర్రాల దండే కావలసి వచ్చేది. చిన్న కమతాలవారికి పనికివచ్చే మిషను రావడానికి ఇంకో నూరేళ్లు పట్టింది. 1935లో ఆలిస్ చామర్స్ కంపెనీవారు అయిదడుగుల వెడల్పున కోసే ఆల్ క్రాప్ మిషను తెచ్చారు. చిన్న ట్రాక్టరు వెనక తగిలించుకుంటే, ఇంటిల్లిపాదీ కలిసి సొంత చేను కోసుకునేవారు. అప్పట్లో ఆ అమెరికా రైతుకు కావలసిందీ, ఇప్పుడు మా తమ్ముడికి కావలసిందీ ఒకటే: ఎవరి వంతు కోసమూ ఎదురుచూడకుండా తన చేనులో తాను దిగడం.

ఐతే కాగితంమీద లెక్కవేస్తే మాత్రం గుండె జారింది. మా చేలో ఎకరానికి మిషను గంటంబావు తీసుకుంటుంది. గంటకు 3,000 రూపాయల అద్దె అనుకున్నా ఏడెకరాలకు 26,000 పైచిలుకు. మిషను ధర 9 లక్షలు చెబుతున్నారు. నూటికి పది వడ్డీ అనుకుంటే, ఏడాదికి వడ్డీయే 90,000. "ఇదేం లెక్కరా?" అన్నాను. తమ్ముడు రెండో కాగితం తీశాడు. మా చుట్టూ పెదనాన్నగారివీ, మేనమామలవీ కలిపి 60 ఎకరాలున్నాయి. అవి కోస్తే రెండు లక్షల పాతికవేలు వస్తుంది. డీజిలూ డ్రైవరూ రిపేర్లూ కలిసి సగం తిన్నా వడ్డీ కట్టి 20,000 మిగులుతుంది. అసలు తీరాలంటే ఊళ్లో ఇంకా చేలు దొరకాలి. వాడి లెక్కలో తుఫాను పద్దు లేదు. ఆ పద్దుకు అంకె వెయ్యడం నాకూ చేతకాలేదు.

మొదట చూసిన మిషను పెళ్లికొడుకులా ఉంది. కొత్త రంగు, కొత్త సీటు. నాకు నచ్చింది. మాతో వచ్చిన మెకానిక్కు ఇంజను మీద చెయ్యి వేసి, "వెచ్చగా ఉంది మాస్టారూ, పోదాం పదండి" అన్నాడు. బయటికి వచ్చాక అర్థం చెప్పాడు. మనం వచ్చేలోగా స్టార్టు చేసి వేడెక్కించారంటే చల్లగా ఉన్నప్పుడు అది సరిగా స్టార్టవదేమోనని అనుమానించాలిట. పాత మిషనుకు కొత్త రంగు కనబడితే ఆ రంగు కింద ఏముందో చూడాలిట.

రెండోది ఇంకో ఊళ్లో, పశువుల కొట్టం పక్కన, బురద పట్టి ఉంది. మెకానిక్కు ముఖం వికసించింది. ముందు ఇంజను స్టార్టు చేయించాడు. నీలంపొగ వస్తే ఆయిలు మండుతున్నట్టు. రాలేదు. గంటల మీటరును నమ్మలేదు; అది మార్చడం ఎంతసేపన్నాడు. ట్రాకు రబ్బరు పగిలి లోపలి ఇనుము కనబడుతోందేమో వంగి చూశాడు. ఆ జత మార్చాలంటే లక్ష రూపాయల మాటట. రోలర్లు ఒక్కొక్కటే కదిపాడు. తరువాత మూత తీయించి, నన్ను డ్రమ్ము దగ్గరకు పిలిచాడు.

"దీని ప్రాణం ఇక్కడుంది మాస్టారూ."

ఆ డ్రమ్ముకు వరుసగా ఇనుప పళ్లున్నాయి. అవి తిరుగుతూ కంకిని కిందనున్న జాలీకి వేసి రాపాడిస్తాయి. గింజ జాలీలోంచి కిందికి రాలుతుంది. జల్లెడ, గాలిఫంకా కలిసి తాలునీ పొట్టునీ వెనక్కి పారేస్తాయి. పళ్లు అరిగిపోతే గింజ గడ్డిలోనే ఉండిపోయి, మిషను వెనక నేలపాలవుతుంది. డ్రమ్ము మరీ వేగంగా తిరిగితే గింజ చిట్లి మిల్లులో నూకవుతుంది. మా అమ్మమ్మ చేటతో చేసిన పని ఇదే గదా అనిపించింది. గాలి ఏ వాటంగా ఉంటే చేట ఆ వాటంగా పట్టుకునేది.

డ్రమ్ము బాగుంది. బెల్టులు మాత్రం మార్చాలి. ధాన్యం ట్యాంకు మూల ఎలుకలు కాపురం పెట్టి, రెండు కరెంటు వైర్లు కొరికేశాయి. మెకానిక్కు వాటిని ఇంజనుకంటె శ్రద్ధగా పరీక్షించాడు. ఎండుగడ్డీ, కొరికిన వైరూ ఒకచోట ఉంటే మిషను తగలబడుతుందిట. రిజిస్ట్రేషను కాగితాలూ, బ్యాంకు బాకీ తీరిందన్న కాగితమూ నేను చదివాను. ఆ రోజు నేను చేసిన ఘనకార్యం అంతే. 8,60,000కు తెగింది.

ఇంటికి తెచ్చాక నాన్న దాని చుట్టూ ఒకసారి తిరిగి, "మినుమెట్లారా?" అని అడిగారు. మా వైపు వరి కోతకు రెండు మూడు రోజుల ముందే, నిలబడ్డ చేలో మినుములు చల్లుతారు. ఆ తడికే మొలుస్తాయి. చేత్తో కోస్తే మొలకకు భయం లేదు. మిషను దిగితే ట్రాకు నడిచినమేరా మొలక నలిగిపోతుంది. కోశాక చల్లుదామంటే తడి ఆరిపోతుంది. దీనికి తమ్ముడి దగ్గర పూర్తి జవాబు లేదు. కోత ముగిసిన సాయంత్రమే చల్లేద్దామన్నాడు. నాన్న తల ఊపారు గాని, ఆ ఊపడంలో ఒప్పుకోలు కనబడలేదు.

రెండో ప్రశ్న గేదె పక్షాన వచ్చింది. మిషను వదిలిన గడ్డి నలిగి, ముక్కలై, బురదలో పడుతుంది. వామి వేయడానికి పొడుగాటి గడ్డి ఏదీ? చివరికి ఇంటి పక్కనున్న అరెకరం మిషను దిగకుండా కొడవలికి వదిలేటట్టు రాజీ కుదిరింది.

ఆ అరెకరానికి కూలీలను వెతికిపెట్టే పని మాత్రం నా వంతుకు వచ్చింది.