బోగీ మీద రంగు పడితే బాంబు పడ్డట్టేనా?

2022 మేలో కొచ్చి మెట్రో ముట్టం యార్డులో ఆగి ఉన్న రైలు మీద ఎవరో స్ప్రే పెయింట్‌తో రాసిపోయారు. అందులో 'బర్న్', 'ఫస్ట్ హిట్' లాంటి మాటలున్నాయి. ఇంకేముంది, ఉగ్రవాదుల హెచ్చరికేమోనన్న అనుమానం బయల్దేరింది. రైలు తగలబెట్టదలచినవాడు అంతదూరం లోపలికొచ్చి, తీరిగ్గా రంగులేసి ఇంటికెళ్తాడా? అదే ఏడాది అహ్మదాబాద్ మెట్రో బోగీల మీద రాసి పట్టుబడింది ఇటలీ నుంచి వచ్చిన నలుగురు కుర్రాళ్ళు.

'అర్థంకాని అక్షరాలంటే ముఠాల సంకేతాలే' అన్న అపోహ కూడా ఇలాంటిదే, పాతదే. న్యూయార్క్ సబ్‌వే రైళ్ళ మీది రాతల గురించీ ఇదే అన్నారు. ముఠా తన హద్దు చెప్పుకోవడానికి తన వీధి గోడ మీద రాసుకుంటుంది. ఊరంతా తిరిగే రైలు మీద హద్దు గీసుకునే ముఠా ఎక్కడైనా ఉంటుందా? కుర్రాళ్ళకు రైలు నచ్చిందే అది తిరుగుతుందని. బ్రాంక్స్‌లో రాసిన పేరు బ్రూక్లిన్‌లో పదిమందికీ కనబడుతుంది. 183వ వీధిలో ఉండే గ్రీకు కుటుంబపు కుర్రాడొకడు 'టాకీ 183' అని కనబడ్డ చోటల్లా రాశాడు. 1971లో న్యూయార్క్ టైమ్స్ అతని గురించి వేసింది. ఇక పోటీ మొదలైంది: ఎవరి పేరు ఎన్ని లైన్లలో తిరుగుతోంది, ఎవరి అక్షరాల్లో ఒడుపుంది! 70ల చివరికి లీ కినోనెస్ అనే కుర్రాడి బృందం పది బోగీల రైలు మొత్తం బొమ్మలతో నింపేసింది.

పోనీ, అపోహే కదా అని వదిలేద్దామా? 1983లో స్టేషన్ గోడ మీద రాస్తున్నాడని మైకేల్ స్టూవర్ట్ అనే పాతికేళ్ళ యువకుణ్ణి న్యూయార్క్ ట్రాన్సిట్ పోలీసులు పట్టుకున్నారు. స్పృహ లేకుండా ఆస్పత్రికి చేరాడు, రెండు వారాల్లో పోయాడు. అభియోగాలు ఎదుర్కొన్న ఆరుగురు అధికారులూ 1985లో నిర్దోషులుగా బయటపడ్డారు. చేతిలో రంగున్నవాణ్ణి నేరగాడిగానే చూసే కళ్ళకు ఇది గుర్తుండాలి.

ఇది మగపిల్లల గోల మాత్రమే అంటారు. న్యూయార్క్ రైళ్ళ మీద బొమ్మలేసిన అమ్మాయి లేడీ పింక్ పేరు వినలేదు కాబోలు. పాశ్చాత్య జాడ్యమంటారు. ఆర్టీసీ బస్సు సీటు వెనక పేర్లు చెక్కింది ఏ దేశంవాళ్ళో!

కుక్కలు, కంచెలు, జైలే మందన్నది ఇంకో నమ్మకం. అవన్నీ పెట్టినా న్యూయార్క్‌లో రాతలు ఆగలేదు. 1984లో అక్కడి ట్రాన్సిట్ సంస్థ అధిపతిగా డేవిడ్ గన్ వచ్చాక ఒకసారి కడిగిన రైలు మీద మళ్ళీ రంగు పడితే, తుడిచేదాకా దాన్ని బయటికి పంపలేదు. చూసేవాళ్ళు లేని పేరెందుకు? 1989 మే నాటికి రాతలున్న చివరి రైలూ పట్టాల మీంచి దిగింది.

'ప్రయాణికులకు ఇబ్బంది' అన్న మాట మాత్రం ఒప్పుకోక తప్పదు. బోగీ లోపల మార్కర్ గీతలు మ్యాపుల్నీ కిటికీల్నీ కప్పేస్తే, ఏ స్టేషనొచ్చిందో తెలియక దిగాల్సినవాడు తిట్టుకోడూ? అందులో కళ వెతకమంటే నా వల్ల కాదు.

కుర్రాళ్ళకు ఒక్కమాట. యార్డులోకి దూరకండి. కొచ్చి మెట్రోలో పట్టాల పక్కనే 750 వోల్టుల థర్డ్ రైల్ ఉంటుంది, హైదరాబాద్‌లో నెత్తిమీద తీగల్లో 25 వేల వోల్టులు. చేతులు మరీ దురదపెడితే హైదరాబాద్ మక్తాలో బొమ్మలేసిన గోడలు చూసి రండి, మీ కాలనీలో ఓ గోడ అడగండి. పెద్దలు కూడా, పిల్లాడి సంచిలో స్ప్రే డబ్బా కనబడగానే కొట్టకుండా, ముందు వాడి స్కెచ్ పుస్తకం తెరిచి చూడండి.