డిస్క్ పెట్టకుండానే ఫైల్ వెతికేద్దాం!

పాత సీడీలు, డీవీడీలు మా ఇంట్లో అరవై దాకా ఉన్నాయి. సగం వాటి మీద ‘ఫొటోలు-2’ అని తప్ప ఇంకేం ఉండదు. కాలేజీ టూర్ ఫొటోలు కావాలంటే ఒక్కొక్కటీ పెట్టి చూడాల్సిందే. ఇప్పటి ల్యాప్‌టాప్‌లకేమో డ్రైవే ఉండదాయె!

దీనికి నేను వాడేది వర్చువల్ వాల్యూమ్స్ వ్యూ. పొట్టిగా వీవీవీ. ఉచితం, ఓపెన్ సోర్స్. విండోస్, లినక్స్, మ్యాక్ మూడింట్లోనూ పనిచేస్తుంది. యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్ తగిలించి డిస్క్‌ని ఒక్కసారి స్కాన్ చేస్తే ఫోల్డర్లు, ఫైళ్ల పేర్లు, సైజులు, తేదీలు దాచుకుంటుంది. తర్వాత డిస్క్ అటక మీదున్నా సరే, పేరు కొడితే ఏ డిస్క్‌లో ఉందో చెప్పేస్తుంది. స్కాన్‌లో ఇచ్చిన నంబరే మార్కర్‌తో డిస్క్ మీదా రాయాలి. లేదంటే పడ్డ కష్టమంతా దండగ.

పెళ్లి వీడియోల దగ్గరే అసలు చిక్కు. ఏ డీవీడీ తెరిచినా ‘వీడియో టీఎస్’ ఫోల్డరే, అవే వీఓబీ ఫైళ్లు. మా అక్క పెళ్లయినా, పక్కింటివాళ్ల గృహప్రవేశమైనా సాఫ్ట్‌వేర్‌కి ఒకటే! అందుకే డిస్క్ పేరులోనే ‘అక్క పెళ్లి 2009’ అని ఇస్తాను.

ఇంకోటి, కేటలాగ్‌లో ఉండేది ఫైల్ పేరే, ఫైల్ కాదు. స్కాన్ సాఫీగా అయినంత మాత్రాన లోపలి వీడియో బాగున్నట్టు కాదు. షాపులో రైట్ చేయించిన డిస్కుల్లోని డై పొర ఏళ్లు గడిచేకొద్దీ పాడవుతుంది. అందుకే కేటలాగ్‌లో తేదీలు చూసి, అన్నిటికన్నా పాతవాటిని ముందు హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేస్తున్నా. తాతయ్య గొంతు వినిపించే వీడియో వాటిలో ఒక్కదాంట్లోనే ఉంది. దాన్ని మాత్రం రెండు చోట్ల పెట్టాను.