కార్డు అప్పు నుండి విముక్తి

 

ధార్మిక సోదరులారా! దైవప్రవక్త (స) తమ నమాజులో అప్పుల భారం నుండి అల్లాహ్ శరణు కోరుకునేవారు. ఇంత తరచుగా ఎందుకు కోరుతున్నారని అడిగినప్పుడు, అప్పులపాలైన మనిషి మాట్లాడితే అబద్ధమాడతాడనీ, మాట ఇస్తే తప్పుతాడనీ ఆయన వివరించారు (బుఖారీ). ఫోను మోగగానే పిల్లవాడి చేత "అబ్బా ఇంట్లో లేరు" అని చెప్పించే ఇళ్ళు నేడు మన మధ్య లేవా?

వడ్డీ నిషిద్ధమని మనకందరికీ తెలుసు. అయితే కార్డు వడ్డీ ఎంత వేగంగా పెరుగుతుందో లెక్క వేసి చూసినవారు తక్కువ. ఒక వ్యక్తికి లక్ష రూపాయల బాకీ ఉందనుకుందాం. నెలకు 3.5 శాతం చొప్పున వడ్డీ 3,500 రూపాయలు. ఆ వడ్డీపై 18 శాతం జీఎస్‌టీ మరో 630. బిల్లులో "కనీస చెల్లింపు" అని చూపిన 5,000 కడితే, అందులో 4,130 అలాగే పోతుంది. అసలులో తగ్గేది 870 మాత్రమే. నెలనెలా తప్పకుండా 5,000 కట్టినా బాకీ తీరడానికి మూడున్నర ఏళ్ళు దాటుతుంది, చెల్లించే మొత్తం రెండు లక్షలు మించుతుంది. అదే 8,000 చొప్పున కడితే దాదాపు 18 నెలల్లో తీరిపోతుంది. ఆ అదనపు మూడు వేలు రెండేళ్ళకు పైగా బానిసత్వాన్ని తప్పిస్తాయి.

అయితే ఈ లెక్క నిలవాలంటే ఆ కార్డుపై కొత్తగా ఒక్క రూపాయి కూడా ఖర్చు కారాదు. పాత బాకీ ఉండగా కొత్తగా కొన్న వస్తువుకు వడ్డీ లేని గడువు వర్తించదు. కొన్న రోజు నుండే వడ్డీ మొదలవుతుంది. కార్డుతో నగదు తీస్తే రుసుము కూడా అదనం. కాబట్టి తొలి పని కార్డును వాడకం నుండి తొలగించడం. రెండు మూడు కార్డులుంటే అన్నింటికీ కనీస చెల్లింపు కడుతూ, మిగిలిన సొమ్మంతా వడ్డీ ఎక్కువగా ఉన్న దానికే మళ్ళించాలి. ఒక కార్డు బాకీ తీర్చడానికి లోన్ యాప్‌లను ఆశ్రయించడం మాత్రం పెనం మీది నుండి పొయ్యిలో పడటమే.

నెలకు పాతిక వేల సంపాదనలో మూడు వేలు ఎక్కడి నుండి తేవాలి? అద్దె, రేషన్, పిల్లల ఫీజు తగ్గవు. మనం తగ్గించగలిగినవి పెళ్ళి భోజనాలు, పండుగ బట్టలు, కంతుల మీద తెచ్చిన ఫోన్లు. కార్డు మీద ఉమ్రాకు వెళ్ళడం కూడా మాకు సమంజసంగా తోచడం లేదు. ఇంట్లో బంగారం ఉంటే, అమ్మి బాకీ తీర్చడం కన్నా లాభసాటి పని అరుదు. కాని ఆ నగలు భార్య మహర్ అయితే అవి ఆమె సొత్తు. ఆమె మనస్ఫూర్తిగా ఇస్తే తప్ప భర్త వాటిపై చేయి వేయరాదు.

అప్పు ఇచ్చినవారి నుండి దాక్కోవడం కన్నా ఎదురుగా వెళ్ళి మాట్లాడటం మేలు. కఅబ్ బిన్ మాలిక్ (ర) తనకు రావలసిన బాకీని మస్జిదులో అడిగినప్పుడు ఇద్దరి గొంతులూ పెరిగాయి. దైవప్రవక్త (స) బయటికి వచ్చి సగం మాఫీ చేయమని కఅబ్‌కు సైగ చేశారు. ఆయన ఒప్పుకోగానే, లేచి మిగతాది చెల్లించమని రెండో వ్యక్తిని ఆదేశించారు (బుఖారీ). బ్యాంకును కూడా వడ్డీ తగ్గించమనీ, గడువు పెంచమనీ అడగవచ్చు. ఒప్పందం ఏదైనా రాతపూర్వకంగా తీసుకోవాలి. అప్పు రాసుకొమ్మన్నది బఖరా సూరా 282వ ఆయతు ఆదేశం. బాకీ మొత్తం తీరాక కార్డు మూసివేయమని కోరితే ఏడు పనిదినాల్లో మూసివేయాలన్నది రిజర్వు బ్యాంకు నిబంధన.

స్థోమత గల సోదరులకు ఒక మాట. తౌబా సూరా 60వ ఆయతులో జకాతుకు అర్హులైన ఎనిమిది వర్గాలలో రుణగ్రస్తులూ ఉన్నారు. మనం బిచ్చగాళ్ళను గుర్తిస్తాం. ఇస్త్రీ చొక్కాతో మొదటి వరుసలో నిలబడే రుణగ్రస్తుణ్ణి గుర్తించం. అతడు అడగడు. బంధువులలో ఒకరు కర్జె హసనా ఇచ్చి లక్ష తీర్చేస్తే, నెలనెలా వడ్డీకి పోయే ఆ నాలుగు వేల నూటముప్పయ్యీ మరుసటి నెల నుండి ఆ బంధువుకే తిరిగి చేరుతుంది.

ఇక బాకీల వివరాలు ఇంటివారికి తెలిసి ఉండాలి. జుబైర్ (ర) తన అప్పు తీర్చే బాధ్యతను ముందే కుమారుడు అబ్దుల్లాహ్ (ర)కు అప్పగించారు. ఆయన భూములు అమ్మి 22 లక్షల అప్పు తీర్చాక వారసులు తమ వాటాలు అడిగారు. నాలుగేళ్ళు హజ్ సమయంలో, తన తండ్రి ఎవరికైనా బాకీ ఉంటే రావలసిందిగా ప్రకటించిన తర్వాతే అబ్దుల్లాహ్ ఆస్తి పంచారు.