కణాలకూ కసరత్తు

తెల్లవారి లేవగానే వేళ్ళు ముడవలేక, చెంబు పట్టుకోలేక చాలాసేపు అవస్థపడే అమ్మమ్మలనో, పెద్దమ్మలనో మీరు చూసే ఉంటారు. "వాతం" అని పెద్దలు ఒక్క మాటలో తేల్చేస్తారు. కాని కీళ్ళనొప్పులన్నీ ఒకటి కావు. రెండు చేతుల కణుపులూ ఒకే విధంగా వాచి, పొద్దుటిపూట బిగుసుకుపోతుంటే అది రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్ కావచ్చు.

ఈ జబ్బులో, క్రిములతో పోరాడవలసిన తెల్ల రక్తకణాలు సొంత కీలు లోపలి పొర మీదే విరుచుకుపడతాయి. కాపలావాడే ఇంటివాళ్ళ మీద కర్ర ఎత్తాడన్నమాట! పొర ఉబ్బుతుంది. అక్కడ పుట్టే రసాయనాలు ఎముక చివర ఉండే నున్నని మృదులాస్థినీ, ఆపైన ఎముకనూ తినివేస్తాయి. ఇటువంటివాటిని ఆటోఇమ్యూన్ వ్యాధులంటారు.

వాచిన కీలును కదపకూడదని చాలాకాలం వైద్యులే చెప్పేవారు. బద్దలు కట్టి మంచం మీద పడుకోబెట్టేవారు. వినడానికి సబబుగానే ఉంది కదూ? కాని ఒక చిక్కు ఉంది. మృదులాస్థిలో రక్తనాళాలు లేవు. మరి దానికి ఆహారం ఎలా అందుతుంది? తడి స్పాంజిని నొక్కి చూడండి. నొక్కితే నీరు బయటికి వస్తుంది, నీళ్ళలో వదిలితే మళ్ళీ పీల్చుకుంటుంది. మనం నడిచినప్పుడల్లా మోకాలి మృదులాస్థి కీలులోని ద్రవంతో ఇదే పని చేస్తుంది. కదలిక ఆగితే దాని తిండీ తగ్గుతుంది.

సంగతి తిండితో అయిపోలేదు. అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో సుధా అగర్వాల్, ఆమె సహచరులు చేసిన ఒక చక్కని ప్రయోగం 2000లో వెలువడింది. వారు మృదులాస్థి కణాలను సాగే పొర మీద పెంచారు. వాపును రగిలించే ఇంటర్‌ల్యూకిన్-1 అనే రసాయనాన్ని వాటికి కలిపారు. కదపకుండా ఉంచిన కణాలు మృదులాస్థిని కరిగించే ఎంజైమును తయారుచేశాయి. మరికొన్ని కణాల పొరను లయగా సాగదీస్తూ, వదులుతూ ఉంచారు. వాటిలో ఆ ఎంజైము తయారీ తగ్గిపోయింది! అయితే ఇటువంటి ప్రయోగాల్లోనే, మరీ గట్టిగా లాగితే వాపు రసాయనాలు పెరుగుతాయనీ తేలింది. నాకు అన్నిటికన్నా నచ్చిన విషయం ఇదే. మందుకు మోతాదు ఉన్నట్టే లాగుడుకూ మోతాదు ఉందన్నమాట.

కణానికి కళ్ళా, చేతులా? లాగుడు దానికెలా తెలుస్తుంది? 2010లో ఆర్డెమ్ పటపూటియన్ బృందం ఒక జవాబు కనుక్కొంది. సన్నని గాజు గొట్టంతో పొడిస్తే స్పందించే కణాలను తీసుకుని, అనుమానం ఉన్న జన్యువులను ఒక్కొక్కటిగా పని చేయకుండా ఆపుతూ పోయారు. డెబ్బై ఒకటి అయ్యాయి, ఫలితం లేదు. 72వ జన్యువును ఆపగానే కణం మొద్దుబారింది! ఆ జన్యువు తయారుచేసే ప్రోటీను కణత్వచంలో తలుపులా ఉండి, ఒత్తిడికి తెరుచుకుంటుంది. దానికి పియెజో-1 అని పేరు పెట్టారు. మృదులాస్థి కణాల్లోనూ ఇవి ఉన్నాయి. 2021లో నోబెల్ బహుమతి పొందినవారిలో పటపూటియన్ ఒకరు.

గాజుపాత్రలో జరిగింది మనిషిలో జరుగుతుందా? నెదర్లాండ్స్‌లో సుమారు 300 మంది రోగులను రెండు భాగాలు చేసి, ఒక భాగంచేత రెండేళ్ళపాటు వారానికి రెండుసార్లు గట్టి వ్యాయామం చేయించారు. మందులు మాన్పించలేదు సుమా! రోగనిరోధక కణాల దాడిని అదుపుచేసేది మెథోట్రెక్సేట్ వంటి మందులే. "ఈ యంత్రంతో మర్దన చేస్తే మందులక్కరలేదు" అనే ప్రకటనలను నమ్మకండి. 2003లో ఫలితాలు వచ్చాయి. వ్యాయామం చేసినవారి జబ్బు ముదరలేదు, రోజువారీ పనులు తేలికయ్యాయి. కాని అప్పటికే మోకాలు, భుజం వంటి పెద్ద కీళ్ళు బాగా పాడైన కొందరిలో నష్టం కాస్త పెరిగినట్టు కనిపించింది. అందుకే అమ్మమ్మ వేళ్ళకెంత కదలిక, మోకాలికెంత అన్నది డాక్టరూ, ఫిజియోథెరపిస్టూ కీలు చూసి చెప్పవలసిన లెక్క.